మాస్టారి రక్తమే మాకు కొలబద్ద

మాస్టారు పోయారని కబురు వచ్చేసరికి పొద్దున్న ఏడున్నర. అప్పుడే ల్యాబు తలుపు తీసి మెషీన్ ఆన్ చేశాను. ఫోన్‌లో ఆయన భార్య. ఆవిడని నేను పిన్నిగారూ అంటాను. "అమ్మీ, మీ మాస్టారు ఎల్లిపోనారే," అంది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట చెబితే మీరు నన్ను మనిషే కాదంటారు. "డాక్టరు చూశాడా? సరిగ్గా చూశాడా?" అని అడిగాను. ఆవిడ ఏడుస్తూనే, "రెండుసార్లు సూసేడే. ఒకసారి సూసి ఒదిలేస్తే మీ మాస్టారు ఒప్పుకుంటారేటి?" అంది.

మాది కలకత్తా భవానీపూర్‌లో మెట్రో దిగి రెండు సందులు తిరిగితే వచ్చే చిన్న రక్తపరీక్షల ల్యాబు. మాస్టారు అక్కడ పెద్ద టెక్నీషియను. బెంగాలీలందరికీ దాదా, అంటే అన్న. నేను ఒక్కదాన్నే మాస్టారూ అనేదాన్ని. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు, నాకు పని నేర్పారు, అంతే. ఇద్దరం సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్ళమే. ఆయన తండ్రి సిగ్నళ్ళ దగ్గర, మా నాన్న యార్డులో. ఇద్దరి ఇళ్ళలోనూ శ్రీకాకుళం మాటే.

అంత అనుమానపు మనిషిని నేను మళ్ళీ చూడను. సంత్రాగాఛి స్టేషన్లో మైకు బండి వస్తోందని చెబితే జనమంతా లేచేవారు, మాస్టారు మాత్రం ప్లాట్‌ఫారం చివరికి నడిచి సిగ్నలు చూసొచ్చి అప్పుడు సంచీ ఎత్తేవారు. బజారులో ఇలీశ్ చేప, అంటే మన పులస, మొప్పలెత్తి చూసి, కన్ను చూసి, బొటనవేలితో నొక్కి, వాసన చూసి, చివరికి కొనకుండా వచ్చేసేవారు. చేపలమ్మి ఆయన్ని చూడగానే బుట్ట మీద గోనెపట్టా కప్పేసేది. నా మీద అనుమానం సరేసరి. నేను రాసిన ప్రతి అంకె మీదా వేలు పెట్టి, "ఇది సూసి రాసేవా, అనుకుని రాసేవా?" అనేవారు. చేరిన కొత్తలో ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకసారి ఇంటికెళ్ళి అన్నం మానేశాను కూడా.

ఆ మాట విలువ డెంగీ రోజుల్లో తెలిసింది. మెటియాబ్రుజ్ నుంచి ఒక దర్జీని తీసుకొచ్చారు. ప్లేట్‌లెట్లు ముప్ఫై వేలే ఉన్నాయంది మెషీన్. ఆ దర్జీ తమ్ముళ్ళు ప్లేట్‌లెట్ సంచుల కోసం ఊరంతా ఫోన్లు చేస్తున్నారు. నేను రిపోర్టు కాగితం చేతికివ్వబోతుంటే మాస్టారు లాక్కున్నారు. "మనిషిని సూడు ముందు. చర్మం మీద ఒక్క మచ్చ లేదు, చిగుళ్ళలో రక్తం లేదు. ముప్ఫై వేలున్నోడు ఇలాగుంటాడేటి?" అని అదే రక్తంతో గాజుపలక మీద పలచగా పూత తీసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమన్నారు. ప్లేట్‌లెట్లు ముప్ఫైలూ నలభైలూ అతుక్కుని ముద్దలు ముద్దలుగా ఉన్నాయి. ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే మందు కొందరికి పడదు, ప్లేట్‌లెట్లు ఇలా గుంపు కట్టేస్తాయి. మెషీన్ ఒక్కొక్కటినే లెక్కపెడుతుంది, గుంపుని గుర్తుపట్టదు. వేరే మందున్న ట్యూబులోకి మళ్ళీ రక్తం తీస్తే రెండు లక్షల పైన తేలింది. తర్వాత ఆ దర్జీ మాస్టారికి ఒక కుర్తా కుట్టి పట్టుకొచ్చాడు. మాస్టారు దాన్ని తిరగేసి కుట్లు లాగి చూశారు. ఆ దర్జీ నవ్వాడు కాబట్టి సరిపోయింది.

ప్లేట్‌లెట్లు తక్కువైతే పరుగెత్తే జనం ఎక్కువైతే పట్టించుకోరని మాస్టారికి కోపం. మా రిపోర్టుల మీద సంతకం పెట్టే డాక్టరమ్మ దగ్గర ఆయన ఈ సంగతి విడవకుండా అడిగి తెలుసుకున్నారు, నాకు తన భాషలో చెప్పారు. ప్లేట్‌లెట్లు మంచివే, గాయమైతే వచ్చి రక్తం ఆపుతాయి. క్యాన్సర్ గడ్డ నుంచి ఒక కణం విడిపోయి రక్తంలో పడితే మన కాపలా కణాలు దాన్ని పట్టుకుని చంపాలి, చాలావాటిని చంపుతాయి కూడా. కానీ ప్లేట్‌లెట్లు దాని చుట్టూ మూగి కప్పేస్తాయి. దాన్ని దాచిపెడతాయి, రక్తనాళం గోడకి అంటుకోవడానికి సాయపడతాయి, అది వేరేచోట నాటుకోవడానికి కావలసిన సరుకు కూడా విడుస్తాయి. "హౌరా స్టేషన్లో టిక్కెట్టు లేనోడు పెళ్ళివారి గుంపులో దూరి గేటు దాటేస్తాడు సూడు, అలాగన్నమాట. పెళ్ళివారిది తప్పు కాదే అమ్మీ. ఆళ్ళకి తెలీదు." కొన్ని గడ్డలైతే శరీరం చేత మామూలు కంటే ఎక్కువ ప్లేట్‌లెట్లు తయారు చేయించుకుంటాయట. అందుకని కారణం లేకుండా లెక్క పెరిగి ఉంటే మాస్టారు డాక్టరమ్మ ముందు కాగితం పెట్టి నిలబడేవారు. "అన్నిటికీ అదే కాదు దాదా, ఐరన్ తక్కువైనా పెరుగుతాయి, ఏదైనా జబ్బు చేసినా పెరుగుతాయి," అని ఆవిడ విసుక్కునేది. "కాదంటే మంచిదే. సూసి కాదనండి," అనేవారు.

ఇక అసలు సంగతి. ప్రతి పొద్దున్నా పేషెంట్ల కంటే ముందు మెషీన్ సరిగా ఉందో లేదో చూడాలి. దానికి కంపెనీ వాళ్ళ సీసా ఉంటుంది, అందులో ఏ అంకె రావాలో ముందే రాసి ఉంటుంది. మాస్టారికి ఆ సీసా మీద నమ్మకం లేదు. దారిలో ఎండకి వేడెక్కిందో, ఫ్రిజ్ ఎన్ని గంటలు ఆగిపోయిందో ఎవడు చూశాడు అనేవారు. అందుకని సీసా తర్వాత తన చొక్కా చేయి మడిచి నా ముందు పెట్టేవారు. నేను రెండు మిల్లీలీటర్లు తీసి మెషీన్‌కి ఇచ్చేదాన్ని. మాస్టారి ప్లేట్‌లెట్లు రెండు లక్షల నలభై వేలు. ఏళ్ళ తరబడి అటు పదో ఇటు పదో వేలు, అంతే. ఆ అంకె వస్తే, "మెషీన్ బాగుంది, పేషెంట్లని పిలు," అనేవారు. ప్రపంచంలో ఆయన అనుమానించనిది ఆ ఒక్క ట్యూబే.

కిందటేడు దుర్గాపూజల తర్వాత మాస్టారు నెల్లాళ్ళు ఊరెళ్ళి, దగ్గుతో తిరిగొచ్చారు. వచ్చిన మొదటి పొద్దున్న ఆయన ట్యూబు పెడితే నాలుగు లక్షల తొంభై వేలు వచ్చింది. మళ్ళీ పెట్టాం, అదే. మాస్టారు నా వైపు తిరిగారు. "నేను లేని నెల్లాళ్ళూ ఏటి సేసేవే మెషీన్ని?" అన్నారు. సీసాకి రావలసిన అంకె సరిగ్గానే వస్తోందన్నాను. "సీసా పాడైపోయిందేమో," అన్నారు. ఇంజినీర్ని పిలిపించారు. ఆ బెంగాలీ కుర్రాడు అంతా విప్పి, కడిగి, బిగించి, "దాదా, మెషిన్ ఏక్‌దమ్ ఠిక్ ఆఛే," అన్నాడు, మెషీన్ భేషుగ్గా ఉందని. వాణ్ణి కూడా తిట్టి పంపారు. నేను సరిగా కడగక మెషీన్ చెడిందని అందరి ముందూ అన్నారు. పదకొండేళ్ళ చాకిరీకి ఇదా బహుమానం అనుకున్నాను.

మెషీన్ సంగతి తేలేదాకా ప్రతి పేషెంటు స్లైడూ చేత్తో కూడా లెక్కపెట్టమన్నారు. నూనె చుక్క వేసి, పది చోట్ల ఎన్ని ప్లేట్‌లెట్లు కనిపిస్తున్నాయో చూసి, సగటు కట్టి, దాన్ని పదిహేను వేలతో హెచ్చించడం. మెడ పట్టేసింది. కానీ నేనూ మొండిదాన్నే. ఒక పుస్తకంలో ఎడమవైపు మెషీన్ లెక్క, కుడివైపు నా లెక్క రాసుకుంటూ పోయాను. నా తప్పు కాదని రుజువు చేసి ఆ పుస్తకం ఆయన ముందు పడేయాలని నా పంతం.

నాలుగో రోజుకి రుజువైంది. అందరివీ రెండు లెక్కలూ కలుస్తున్నాయి. అంటే మెషీన్ నిజమే చెబుతోంది. గెలిచాననుకుని పుస్తకం మూయబోయాను. మూయలేకపోయాను. మెషీన్ నిజమే చెబుతుంటే, మాస్టారి ట్యూబు గురించి కూడా నిజమే చెబుతోందన్నమాట. ఎదురుగా మాస్టారు దగ్గుకుంటూ టీ తాగుతున్నారు, గ్లాసు సరిగా కడిగారా లేదా అని వెలుతురుకెత్తి చూస్తూ.

అప్పుడే ఇంకో సంగతి తట్టింది. అందరి స్లైడులూ నాకిచ్చిన మనిషి తన స్లైడు మాత్రం ఒక్కసారీ ఇవ్వలేదు. "నాది నేను సూసుకుంటాన్లే," అని మూల మైక్రోస్కోపు దగ్గరికి పట్టుకుపోయేవారు. చూసి ఏమన్నారు? ఏమీ అనలేదు. అడగాలంటే భయం వేసింది. నేను చెప్పేది అబద్ధమైతే ఆయన తిడతారు, నిజమైతే ఏమవుతుందో ఆలోచించడానికే ధైర్యం లేదు. ఐదు రోజులు పుస్తకం సంచీలో పెట్టుకుని తిరిగాను. ఆ ఐదు రోజులూ నన్ను ఇప్పటికీ పీక్కుతింటున్నాయి.

పదో పొద్దున్న, ఆయన స్లైడుకి రంగు వేసి ఆరబెట్టి లేవబోతుంటే, పుస్తకం తెరిచి ముందు పెట్టాను. "మాస్టారూ, మెషీన్ బాగుంది," అన్నాను. ఆయన పేజీలు తిప్పారు. అలవాటు ప్రకారం ఒక్కో అంకె మీదా వేలు పెట్టారు. "సూసే రాసేవా?" అన్నారు. "చూసే రాశాను," అన్నాను. "ఇన్నాళ్ళకి పని వచ్చిందే నీకు," అని తెల్లకోటు విప్పి మేకుకి తగిలించి, డాక్టరమ్మ గదిలోకి వెళ్ళారు.

ఊపిరితిత్తిలో మొదలైంది, అప్పటికే కాలేయంలోకి వెళ్ళింది. ఐదు రోజుల్లో ఏమీ మారేది కాదు అని డాక్టరమ్మ నా భుజం తట్టి చెప్పింది. నన్ను ఊరడించడానికే అలా అందని నా అనుమానం. సంత్రాగాఛికి ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. మంచం మీద కూడా మందుల డబ్బాల మీద తేదీలు చదివి వినిపించమనేవారు. ఆ పుస్తకం మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మాస్టారి పదమూడో రోజు కర్మ అయ్యాక ల్యాబులో ఆయన సొరుగు ఖాళీ చెయ్యమన్నారు. అడుగున ఒక స్లైడుల పెట్టె. పది స్లైడులు. ప్రతిదాని గరుకు అంచు మీద తేదీ, దాని కింద పెన్సిలుతో ఒక అంకె. మొదటిది ఆయన ఊరి నుంచి వచ్చిన పొద్దుటిది. 33 అని ఉంది. పదిహేను వేలతో హెచ్చించి చూశాను. ఇంచుమించు మెషీన్ చెప్పిందే. రెండోది 33. తర్వాత 34, 34, 35. అంటే మొదటిరోజే తెలుసు. తెలిసే నన్ను తిట్టారు, తెలిసే ఇంజినీరుతో మెషీన్ విప్పించారు. కోపంతో నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎంత మోసం మాస్టారూ అన్నాను పైకే. కాసేపటికి కోపం నిలవలేదు. జీవితంలో ఒక్కసారి ఆయన మెషీన్ చెడిపోయి ఉండాలని కోరుకున్నారు. భయపడ్డారు. అదేదో ముందే తెలిస్తే, అవును మాస్టారూ నేనే పాడుచేశాను అని ఒప్పుకుని ఇంకో తిట్టు తినేదాన్ని.

పదో స్లైడు మీద తేదీ ఉంది, అంకె లేదు. ఆ పొద్దున్న ఆయన లెక్కపెట్టకముందే నేను పుస్తకం పెట్టేశాను.

ఆ స్లైడుని మూల మైక్రోస్కోపు కింద పెట్టి నూనె చుక్క వేశాను. ఎటు జరిపినా ప్లేట్‌లెట్లే. ఆ పెళ్ళివారి మధ్య టిక్కెట్టు లేనివాడు దొరుకుతాడేమోనని ఈ చివర నుంచి ఆ చివరకి వెతికాను. మామూలు స్లైడులో వాడు కనిపించడని నాకు తెలుసు. తెలిసే వెతికాను. తర్వాత పది చోట్ల లెక్కపెట్టాను, సగటు ముప్ఫై ఏడు వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ముప్ఫై ఏడే. మాస్టారి పెన్సిలు తీసుకుని తేదీ కింద ఆ అంకె వేశాను.