లచ్చవ్వ గోడ మీద గాజు పట్టీలు

నిన్న నా ఇజ్జత్ ఎట్ల పోయిందో ఇనుండ్రి! ముందుగాల చాయ్ తాగుండ్రి, నడుమ నవ్వితే పొలమారుతది.

నేను ఇంజనీరింగ్ చదివి ఓవర్సీర్ నౌకరీల చేరి మూడు నెలలే గద. దబీర్‌పురాల లచ్చవ్వ అని ఒక ముసలామె ఇల్లుంది. వాకిలి పక్క గోడ నిలువునా చీలింది. ఇల్లు ఉంచాల్నా, కూల్చాల్నా చూసి రమ్మని మా ఆఫీసోళ్లు నన్ను పంపిన్రు. నాకు తోడు యాకూబ్ మిస్త్రీ. సున్నం పనిల తల నెరిసిన మనిషి.

పోంగనే పుస్తకం తెరిచిన. "భాయ్, పైన బరువు ఇంత, గోడ వైశాల్యం ఇంత. భాగిస్తే స్ట్రెస్, అంటే గోడ లోపలి ఒత్తిడి, వస్తది. అంతే!"

ఆయన ఇజ్జత్‌తోటే ఇన్నడు. "లెక్క మంచిదే సాబ్. గని ఆ ఒత్తిడి గోడల అంతట ఒక్క తీరుగ ఉంటదా? పైనుంచి ఒత్తుతది, పక్కకు గుంజుతది, ఏటవాలుగ కోస్తది. ఒక్క జాగలనే, మీరు చూసే దిక్కు మారితే అది గూడ మారుతది."

నేను నోరు తెరిచిన. మా ప్రొఫెసర్ నెలల తరబడి బోర్డు నింపి చెప్పిన ముచ్చట గదే!

"మరి కొలుసుడెట్ల భాయ్?"

"దాన్ని చూడలేం సాబ్. అది చేసిన పని చూసి దాన్ని పట్టాలె." అని చీలికకు అడ్డంగ మూడు సన్న గాజు పట్టీలు సున్నంతోటి అతికిచ్చిండు. "గోడ ఇంక కదిలితే గాజు ఓర్వదు, పగుల్తది. వానలు అయ్యేదాక చూద్దాం."

వానలైనయ్. నిన్న పొద్దుగాల నేనొక్కన్నే పోయిన. కొలతలు రాసుకుని తలెత్తి చూద్దునా, నడిమి పట్టీ పగిలి ఉంది!

"అవ్వా! గోడ కూలుతుంది! బయటికి ఉరుకుండ్రి!"

ఇగ లొల్లే లొల్లి! మంచాలు, గంగాళాలు, కోళ్ల గంప, అన్నీ బయట గల్లీల పడ్డయ్. ఇనుప పెట్టె నేనే మోసిన. లచ్చవ్వ గడప పట్టుకుని ఏడ్సింది. "నా పిల్లలందరు ఈడనే పుట్టిన్రు బిడ్డా, ఇప్పుడు ఏడికి పోవాలె?" నాగ్గూడ కండ్లల్ల నీళ్లు.

అంతల యాకూబ్ భాయ్ వచ్చిండు. ఉరకలేదు, అరవలేదు. గోడకు మొఖం ఆనిచ్చి మూడు పట్టీలు సూసిండు.

"సాబ్, గోడ గుంజితే గాజు చీలిక పొంటి నిలువుగ తెగుతది. ఇది సాలెగూడు లెక్క పగిలింది. పైదానికి, కిందిదానికి గీత గూడ లేదు. దీనికేమన్న తాకిందా?"

అప్పుడు యాదికొచ్చింది. కొలతకు తెచ్చిన ఇనుప గజం! రాసుకునేటప్పుడు గోడకు ఆనిచ్చిన. టప్పుమని చప్పుడు గూడ ఇన్న. లోపల అవ్వ గిన్నె కింద పెట్టిందనుకున్న!

మొత్తం చెప్పిన. యాకూబ్ భాయ్ నవ్వలేదు, మీసం మాత్రం కదిలింది. "గోడ నిలవడ్డది అవ్వా. కూల్చే పని లేదు. చీలికల సున్నం నింపితే చాలు."

గా మనిషి కండ్లకు సలాం కొట్టిన. ఒక్క గాజు ముక్క పగిలిన తీరు చూసి, ఏది గోడ చేసిందో, ఏది గాడిద చేసిందో చెప్పిండు! సామానంత మళ్ల లోపలికి నేనే మోసిన.

లచ్చవ్వ కండ్లు తుడుచుకుని, చెమటలు కక్కుతున్న నన్ను కిందికెళ్లి మీదికి చూసింది.

"యాకూబూ, ఇంకో పట్టీ ఉంటే ఈ పిలగాని నెత్తికి అతికియ్యి. లోపల ఏమన్న కదులుతుందో లేదో తెలుస్తది!"