మస్కట్ మాటల వెనుక చప్పుడు

మా వైపు గల్ఫ్‌కు పోయినవాళ్లు ఉత్తరాలు రాసేది తక్కువ. క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద వచ్చే దోస్తు చేతికిచ్చి పంపేవారు. నిజామాబాద్ బస్టాండ్ దగ్గర నా దుకాణంలో ఆ క్యాసెట్లను సీడీలుగా మార్చేవాణ్ణి. నా కంప్యూటర్ ఎంత నిదానమంటే, కమాండ్ కొట్టి ఆర్మూరు పోయి పెళ్లిభోజనం చేసి వచ్చినా ఇంకా సగంలోనే ఉండేది. రంగుల ప్రోగ్రాములు దాని మీద నడిచేవి కావు. అందుకే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో హుకుం జారీ చేసేవాణ్ణి: ఈ ఫైలును ఇక్కడి నుంచి ఇక్కడిదాకా కొయ్యి, దాన్ని దీనికి అతికించు, చప్పుడు పెంచు.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక చలికాలం, కమ్మర్‌పల్లి నుంచి ఒకామె వచ్చింది. క్యాసెట్ ఇచ్చి కూడా దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"ఈడనే కూసుంట. నా కండ్ల ముందటనే జెయ్యి."

"సీడీ జెయ్యాల్నా చెల్లె?"

"సీడీ ఒద్దు. మా ఆయన మాట తీసెయ్యి. ఎనక ఎవలో ఆడామె గొంతు ఇనవడ్తది. గది పెంచు."

భర్త మస్కట్ పోయి ఏడాదైందట. అక్కడ ఇంకో కాపురం పెట్టాడా లేదా, అది తేలితే తప్ప ఆమెకు అన్నం దిగేలా లేదు.

గొంతును విడదీయడం కుదరదు, అది పాలల్లో కలిసిన నీళ్లు. అయితే ఎంత మాటకారైనా ఊపిరి కోసం ఆగుతాడు. అతను ఆగిన చోట్లన్నీ కోసి, ఒకదానికొకటి అతికించి, చప్పుడు పెంచాను. ఆమె తెరను అనుమానంగా చూస్తూనే ఉంది.

"బొమ్మ లేదు, ఏం లేదు. ఏం రాస్తున్నవన్నా గిదాంట్ల?"

"మోసం జేసెటోడైతే రంగుల తెర పెట్టుకుంటడు చెల్లె."

పాట పెట్టే మీట నొక్కాను. ముందు బర్రుమన్న శబ్దం. తర్వాత ఎవరో ఆడమనిషి మరాఠీలో ఎవరినో అదిలిస్తోంది. దాని వెనుక గంటలు, ఒకటి కాదు, బారుగా. ఆపైన పొడవుగా ఒక సైరన్.

"మస్కట్ల ఎడ్లబండ్లుంటయా అన్నా?"

"ఒంటెలకు గంటలు గట్టిండ్రేమో," అన్నాను. కోతలు కోసేవాణ్ణి కోతలు కోసేవాడే కాపాడాలి కదా.

"సైరన్ గుడ ఒంటెనే గొట్టిందా? మా అవ్వగారిల్లు బోధన్. గా చక్కెర ఫ్యాక్టరీ సైరన్ ఇనుకుంటనే పెరిగిన." కొంగు సర్దుకుని లేచింది. "ఇమానం ఎక్కకపోతె ఎక్కకపాయె. గా ఆడామె ఎవరో తేలాలె."

బోధన్ బస్సెక్కిపోయింది.

వారం తిరగకుండా భర్తను వెంటబెట్టుకొచ్చింది. అతని చేతుల నిండా చెరుకాకు కోసిన గీతలు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "చెప్పు," అంది.

"ఏజెంటు బొంబాయిల ఇడిసిపెట్టి పరారైండు అన్నా. ఇంటికి రానికె మొకం చెల్లలే. బోధన్ల చెరుకు బండ్లు నింపుతున్న. క్యాసెట్లు దోస్తును బతిమిలాడి పంపిన. గామె మా చెరుకు మేస్త్రి పెండ్లాం, మరాఠోళ్లు. ఎడ్లను అదిలిస్తది."

ఆమె నా వైపు తిరిగింది. "నిజమేనా గాదా, గా తెరల జూసి చెప్పన్నా."

అలాంటి కమాండ్ లోకంలో లేదు. లేదని చెప్పే నోరు నాకూ లేదు. డిస్కులో ఉన్న ఫైళ్ల పేర్లన్నీ చూపించే కమాండ్ కొట్టాను. తెల్లటి అక్షరాలు చీమల బారులా పైకి పరిగెత్తాయి. అతను కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఒక్కటి మర్సిన. గామె నాకు జొన్నరొట్టె పెట్టేది."

"తిన్నవా?" అంది భార్య.

"తిన్న."

అక్షరాలు ఆగాయి.

"ఏమంటున్నదన్నా?"

"రొట్టె కాడికే ఉన్నదట చెల్లె."

ఆమె తెరను వదిలి నన్ను చూసింది. "నువ్వు గుడ మొగోనివే గదా," అంది.

కమ్మర్‌పల్లి బస్సులో అతణ్ణి కిటికీ వైపు కూర్చోబెట్టి, దిగే దారికి అడ్డంగా తాను కూర్చుంది.