అబ్బులు బిగించిన స్క్రీన్‌లో ఏ లోపమూ లేదు

దెయ్యాల కబుర్లు మొదలైతే అక్కడి నుంచి లేచిపోయే మనిషిని నేను. నలభై తొమ్మిదేళ్ళు వచ్చాయి. శ్మశానం పక్కన ఉన్న చెరువు గట్టు మీద ఎన్నో రాత్రులు ఒక్కడినే పడుకున్నాను. ఒక్కసారి కూడా భయం వెయ్యలేదు. నా కారులో జరిగింది దెయ్యం పనే అని ఇప్పటికీ అనను. 

కానీ ఇది రాయడానికి అసలు కారణం వేరే ఉంది. నా వల్ల ఒక మంచి పనివాడికి చెడ్డపేరు వచ్చింది. ముందు అది సరిచెయ్యాలి.

నాకు భీమవరంలో రొయ్యల మేత, మందుల షాపు ఉంది. మా అక్క వాళ్ళ ఊరు అక్కడికి పదకొండు కిలోమీటర్లు. బావకి అక్కడ రోడ్డు పక్కనే, కాలువ తూము దాటగానే మూడెకరాల చెరువు ఉండేది. బావ మంచివాడే గానీ కంగారు మనిషి. మబ్బు పట్టినా ఫోన్ చేస్తాడు, రొయ్య మేత ముట్టకపోయినా ఫోన్ చేస్తాడు. పైగా ఫోన్‌లో మాట్లాడేటప్పుడు అవతలి ఊరికి వినపడాలన్నట్టు అరుస్తాడు. నా ఫోన్‌లో ఆయన పేరు 'బావ చెరువు' అని పెట్టుకున్నాను.

పోయినేడాది నా కారుకి పెద్ద టచ్ స్క్రీన్ పెట్టించాను. బిగించింది అబ్బులు. బైపాస్ రోడ్డులో అతనిది చిన్న షాపు. సీటు కవర్లు, హారన్లు, స్క్రీన్లు బిగిస్తాడు. యాభై దాటినవాడు, మాట తక్కువ, పని శుభ్రం. కారు స్టార్ట్ చెయ్యగానే ఫోన్ వైరు లేకుండా దానంతటదే కలిసిపోయేది. కాల్ వస్తే స్క్రీన్ మీద పేరు పడేది, ఎత్తితే మాట కారంతా వినపడేది. ఎనిమిది నెలలు ఒక్క ఇబ్బంది కూడా లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు తెల్లవారి ఏడు కావస్తోంది. నా పక్క సీట్లో రొయ్యలు కొనే కంపెనీ తరఫు మనిషి ఉన్నాడు. రెండ్రోజుల్లో బావ చెరువు పట్టుబడి పెట్టి రొయ్యలు అమ్మేయాలని అనుకుంటున్నాం. ముందు వేరే రైతు చెరువు చూపించి, తర్వాత బావ దగ్గరికి తీసుకెళ్దామని బయల్దేరాను. బయల్దేరుతున్నానని బావకి చెప్పాను కూడా.

తూముకి మూడు కిలోమీటర్లు ఉందనగా స్క్రీన్ మోగింది. బావ చెరువు.

ఎత్తితే ఏమవుతుందో నాకు తెలుసు అనుకున్నాను. తెల్లారగట్ల నీళ్ళలో ఆక్సిజన్ తగ్గి రొయ్య పైకి తేలుతుంది. బావ "తేలిపోతోంది బామ్మర్దీ, రా బామ్మర్దీ!" అని అరుస్తాడు. ఆ అరుపు కారంతా వినపడుతుంది. పక్కనున్నవాడు విన్నాడంటే రేటు కోసేస్తాడు, లేదంటే దిగి వెళ్ళిపోతాడు. బావ మంచికే అనుకుని ఎర్ర బటన్ నొక్కాను.

వెంటనే మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కాను.

"ఎవరండీ?" అన్నాడతను.

"లోన్లిస్తామని చేస్తారు కదండీ, వాళ్ళు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ రైతు చెరువు చూసుకుని ఎనిమిదింటికి బావ చెరువు దగ్గరికి వెళ్ళేసరికి గట్టు మీద జనం ఉన్నారు. బావకి గుండెనొప్పి వచ్చింది. నీళ్ళలో తిరిగి గాలి కలిపే ఏరియేటర్ల స్విచ్చులుండే షెడ్డు గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. చేతిలో ఫోన్ అలాగే ఉంది. నా కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఒక అరగంట ముందు తీసుకురావాల్సింది అన్నాడు డాక్టరు.

దార్లోనే, బావ తల ఎవరో ఒళ్ళో పెట్టుకుని ఉండగా, నేను నా ఫోన్ తీసి ఆ రెండు కాల్స్ చెరిపేశాను. ఎందుకు చేశానో అప్పుడు ఆలోచించలేదు. చెయ్యి చేసేసింది.

అక్క బావ ఫోన్ చూసింది. ఆఖరి రెండు కాల్స్ నాకే. ఇంటినిండా జనం ఉండగా అడిగింది.

"నీకే చేశాడు కదరా తమ్ముడూ, రెండుసార్లు చేశాడు. నువ్వు దార్లోనే ఉన్నావు కదా. ఎందుకెత్తలేదురా?"

"నాకు రాలేదక్కా. కారులో ఫోన్ సరిగ్గా కలవట్లేదు. స్క్రీన్ పట్టేసుకుంటోంది, రింగు వినపడదు. ఆ అబ్బులు బిగించిన దగ్గర్నుంచీ ఇదే గోల."

అబ్బులు పేరు ఎందుకు చెప్పానో కూడా తెలీదు. ఒక మనిషి పేరు చెబితే మాటకి నమ్మకం వస్తుందనేమో. వచ్చింది. అక్క ఇంకేమీ అడగలేదు.

మా చుట్టుపక్కల అందరికీ చెరువులు, అందరికీ కార్లు. మాట నాలుగు రోజుల్లో ఊళ్ళన్నీ తిరిగింది. అబ్బులు చేత స్క్రీన్లు పెట్టించుకున్నవాళ్ళు తీసేయమని వచ్చారట. టీ కొట్టు దగ్గర ఒకడు, "ఏం అబ్బులూ, నీ స్క్రీన్ పెట్టుకుంటే యముడి ఫోన్ తప్ప ఇంకోటి తగలదంట గదా!" అన్నాడట. నవ్వారట అందరూ. నేను ఆ టీ కొట్టుకి వెళ్ళడం మానేశాను.

పెద్దకర్మ అయిపోయింది. అది అయిన మూడో రోజున నా కారులో ఫోన్ నిజంగానే తెగిపోవడం మొదలుపెట్టింది.

తూము దగ్గరికి రాగానే స్క్రీన్ మీద నా ఫోన్ పేరు పోయేది. తూము దాటి చెరువు వెనక్కి వెళ్ళాక మళ్ళీ వచ్చేది. పోతూ, వస్తూ, ప్రతిసారీ అక్కడే. నిజం చెబుతున్నాను, మొదట్లో నాకు సంతోషమేసింది. నేను చెప్పింది అబద్ధం కాదని చూపించడానికి ఒక సాక్ష్యం దొరికింది అనుకున్నాను. మా ఆవిణ్ణి కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళి మరీ చూపించాను.

అప్పుడు అబ్బులే మా షాపుకి వచ్చాడు. కోపంగా రాలేదు. చెప్పులు బయట విడిచి, నిలబడే మాట్లాడాడు.

"బండి ఒక్కసారి నాకిప్పించండి. నా చేతి పని వల్ల మనిషి పోయాడంటున్నారు. అందులో తప్పేంటో నాకు తెలియాలండి. నిద్ర పట్టట్లేదండి."

అప్పుడే చెప్పేయాల్సింది. తాళం ఇచ్చాను.

వారం రోజులు వెతికాడు. స్క్రీన్‌లోంచి, ఫోన్‌లోంచి పాత పెయిరింగులు తీసేసి కొత్తగా కలిపాడు. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆపాడు. వైరుతో పెట్టి చూశాడు, ఛార్జింగ్ రంధ్రంలో దుమ్ముందేమోనని సూదితో శుభ్రం చేశాడు, మూడు వైర్లు మార్చాడు. పెన్‌డ్రైవ్‌తో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. డాష్‌బోర్డు విప్పి వెనకున్న కనెక్షన్లన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాడు. తూము పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ వల్లేమో అన్నాడు. తన ఫోన్ కలిపి అదే దారిలో నాలుగుసార్లు తిప్పాడు. నిక్షేపంలా ఉంది. మా ఆవిడ ఫోన్ కలిపాడు, అదీ బాగానే ఉంది. నా ఫోన్ ఒక్కటే, ఆ చోట మాత్రమే తెగుతోంది.

"మీ ఫోన్‌దే తప్పనిపిస్తోందండి. కానీ మిగతా చోట్ల బానే ఉంటంది కదా, ఎలా చెప్పను?" అన్నాడు. నా మీదకి నెట్టడానికి కూడా మొహమాటపడ్డాడు.

చివరికి ఒక ఉదయం స్క్రీన్‌ని పూర్తిగా రీసెట్ కొట్టాడు. నా కళ్ళ ముందే చేశాడు. పేర్లు, నంబర్లు, అన్నీ పోయాయి. కొత్తగా కొన్నప్పుడు ఎలా ఉందో అలా అయింది.

"ఏ ఫోనూ లేకుండా ఒక్కసారి వెళ్ళొద్దాం. అక్కడి గతుకులకి స్క్రీన్‌కే కరెంటు పోయి వస్తోందేమో చూడాలి. పక్కన ఫోనుంటే మళ్ళీ దాంతో కలవాలని చూస్తంది" అన్నాడు.

ఇద్దరి ఫోన్లూ అతని షాపు గల్లాబల్ల మీద పెట్టాం. అతని భార్య అక్కడే కూర్చుని ఉంది. కారులో మేమిద్దరమే. నేను నడుపుతున్నాను. పదిన్నర అయింది, ఎండ కళ్ళల్లోకి కొడుతోంది.

బావ చెరువు అప్పటికి పట్టేశారు. నీళ్ళు తోడేసి ఎండగట్టారు. అడుగంతా బీటలు తీసి ఉంది. ఏరియేటర్లు విప్పి గట్టు మీద పేర్చారు. చెరువులో కొంగలు తిరుగుతున్నాయి.

తూము మీదకి ఎక్కగానే స్క్రీన్ మోగింది.

నేను బ్రేకు వేశాను. స్క్రీన్ మీద ఆకుపచ్చ బటన్, ఎర్ర బటన్, పైన పేరు. ముందు చదివింది అబ్బులే. అతనికి ఆ పేరు అంతకుముందు తెలీదు.

"ఎవరో బావ చెరువు అంటండి..." అన్నాడు.

నా చెయ్యి వెళ్ళి ఎర్ర బటన్ నొక్కింది.

అబ్బులు నావైపు తిరిగాడు. "ఎందుకు కట్ చేశారండీ?" అన్నాడు. ఫోన్ లేకుండా కాల్ ఎలా వచ్చిందని అడగలేదు. అది అతనికి అప్పటికి తట్టలేదు. నాకూ తట్టలేదు.

మళ్ళీ మోగింది. ఆ రోజు ఎంతసేపటికి మోగిందో సరిగ్గా అంతసేపటికే. ఈసారి ఆకుపచ్చది నొక్కాను. 

మాట లేదు. ఏరియేటర్లు నీళ్ళని కొడుతున్న చప్పుడు, నాలుగు చక్రాలూ ఒకేసారి తిరుగుతున్నట్టు, కారు నిండా. దాని వెనక ఇంకేమైనా ఉందేమోనని చెవి పెట్టాను. ఏమీ లేదు. కిటికీ బయట చెరువు ఎండిపోయి ఉంది. నా ఎడమచేతి పక్కన, పది గజాల దూరంలో, ఆ ఏరియేటర్లు గట్టు మీద బోర్లించి ఉన్నాయి.

నిమిషం ఉంటుందేమో. దానంతటదే ఆగిపోయింది.

అబ్బులు స్క్రీన్‌లో కాల్స్ జాబితా తెరిచాడు. ఖాళీ. కలిసిన ఫోన్లు చూశాడు. ఏమీ లేవు. కిందకి వంగి ఫ్యూజు పీకేశాడు. 

"పాత పేర్లు లోపలెక్కడైనా ఉండిపోయాయేమోనండి..." అని మొదలుపెట్టి, "మరి ఆ చప్పుడో?" అని తనే ఆగిపోయాడు.

అప్పుడు చెప్పాను. "అబ్బులూ, ఆ రోజు కాల్ వచ్చింది. రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నేనే కట్ చేశాను. నీ పనిలో తప్పేం లేదు."



"అయితే లేని తప్పుని వారం రోజుల నుంచీ వెతికిస్తున్నారన్నమాట నాచేత" అన్నాడు.

తలుపు తీసుకుని దిగాడు. ఎక్కమని బతిమాలాను. వినలేదు. ఆ ఎండలో సెంటర్ వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

నేను అటునుంచి అటే అక్క ఇంటికి వెళ్ళాను. బావ ఫోనేదని అడిగాను. బీరువాలో చీరల మధ్య ఉంది. ఛార్జింగు ఎప్పుడో అయిపోయింది. సిమ్ము అందులో లేదు. అక్క దాన్ని విడిగా తీసి, కుంకుమ పొట్లాల పక్కన చిన్న కవర్లో దాచుకుంది. అదీ చూపించింది.

"ఏంట్రా, ఏమైంది? నీ మొహం అలా ఉందేంటి?"

జరిగిందంతా చెప్పాను. ఇవాళ్టిదీ, ఆ రోజుదీ. అక్క గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని వింది.

"మాటేమైనా వినపడిందా?" అంది.

"లేదక్కా. ఏరియేటర్ల చప్పుడే."

"సరిగ్గా విన్నావా? నా పేరుగానీ..."

"లేదక్కా."

"ముందు కట్ చేసి, రెండోసారి ఎత్తానన్నావు."

"అవునక్కా."

"నేనడిగేది ఆ రోజు సంగతి."

"ఆ రోజు రెండుసార్లూ కట్ చేశాను."

అక్క సిమ్ము ఉన్న కవరు తీసుకుని లోపలికి వెళ్ళింది. తలుపు గట్టిగా వెయ్యలేదు, మామూలుగానే వేసుకుంది. నేను సాయంత్రం దాకా అరుగు మీద కూర్చున్నాను. తియ్యలేదు. ఇప్పటికి ఐదు నెలలు, అక్క నాతో మాట్లాడలేదు. మాట్లాడమని అడిగే ముఖం నాకు లేదు.

మర్నాడు అబ్బులు షాపుకి వెళ్ళి క్షమించమన్నాను. అతను హారన్ వైరు కలుపుతూ తలెత్తకుండానే అన్నాడు: "నాకేమీ ఇవ్వక్కర్లేదండి. ఏ నోటితో అన్నారో ఆ నోటితోనే చెప్పండి. ఎవరెవరికి చెప్పారో వాళ్ళందరికీ."

చెప్పాను. ఇంటింటికీ వెళ్ళాను. టీ కొట్టు దగ్గర నిలబడి చెప్పాను. కొందరు ఛీ అన్నారు. కొందరు, "పోన్లెండి, దైవనిర్ణయం" అన్నారు. ఆ మాట ఛీ కన్నా ఎక్కువ కొట్టింది. నేరుగా చెప్పలేనంత దూరం మాట పోయింది కాబట్టి ఇలా రాస్తున్నాను.

స్క్రీన్ ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. ఫ్యూజు మళ్ళీ పెట్టిన రోజు నుంచి తూము దగ్గర కూడా నా ఫోన్ తెగలేదు. ఎందుకు తెగిందో, ఎందుకు బాగుపడిందో అబ్బులుకీ తెలీదు. ఆ చప్పుడు గురించి అడిగితే, "నన్నడక్కండి" అంటాడు. చదువుకున్నవాళ్ళు కొందరు, దార్లో పోయే ఎవరిదో ఫోన్ కలిసి ఉంటుందన్నారు. ఆ దార్లో అప్పుడు ఎవరూ లేరు. ఉన్నా, వాళ్ళ ఫోన్‌లో మా బావ పేరు నేను పెట్టుకున్నట్టే ఎందుకుంటుంది?

ఆ కాల్ ఎలా వచ్చిందో నాకు తెలీదు. తెలుస్తుందన్న ఆశ కూడా లేదు. ఇంకొకటి కూడా నాకు అంతుపట్టడం లేదు. చచ్చిపోయిన మనిషి పేరు అది. దాని కోసం అప్పటికి నెలన్నరగా నిద్రలేదు నాకు. ఇంకొక్కసారి మోగితే చాలు, ఎత్తుతానని ఎన్నిసార్లు అనుకున్నానో. మోగింది. ఈసారి రేటు లేదు, పక్కన కొనేవాడు లేడు. అయినా నా వేలు ముందు ఎర్ర బటన్ మీదకే వెళ్ళింది.

అబ్బులు చూశాడు కాబట్టి, అది కలగన్నానని కూడా అనుకోలేను.