బండికి బీమా, పిలగానికి ఆమెన్

ఆ రోజుల్లో మా దిల్‌సుఖ్‌నగర్‌లో తీరిక ఎక్కువ, ఓపిక తక్కువ. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డాయి. నినాదాలిచ్చి ఇచ్చి గొంతు పోయి (ముందు వరుసలో కాదు, పారిపోవడానికి వీలుండే వరుసలో) ఇంట్లో పడి ఉండేవాణ్ని. నాయనమ్మ దవాఖానలో ఆయా. మోకాళ్లు మొరాయిస్తున్నా నన్ను పోషించడానికి ఇంకా డ్యూటీకి పోతూనే ఉంది. లైసెన్సు తెచ్చుకుంటే సైదాబాద్‌లో ఒక బేకరీవాళ్లు రొట్టెల వ్యాను నడిపే పని ఇస్తామన్నారు. అది దొరికితే ఆమెను ఇంట్లో కూర్చోబెట్టవచ్చు. నా ఆశంతా అదే.

డ్రైవింగ్ స్కూల్ ఉస్తాద్ ముందుగా ఒక హామీ పత్రం చేతిలో పెట్టాడు. ఇంటి పెద్ద సంతకం కావాలట. చదివే ఓపిక లేక మడిచి నాయనమ్మకిచ్చాను. హాల్ టికెట్ అయినా, ఉద్యోగం అర్జీ అయినా ఆదివారం చర్చిలో అయ్యగారితో ప్రార్థన చేయించడం మా అలవాటు. చదువురాని నాయనమ్మ దీన్నీ అలాగే ఆయన చేతిలో పెట్టింది. అయ్యగారు కళ్లజోడు సవరించుకుని, ఎప్పటిలాగే గట్టిగా చదవసాగారు.

"నేర్చుకునేటప్పుడు ఈ యువకుని చేతులు విరిగినా..."

"ఆమెన్!" అంది సంఘమంతా.

"కాళ్లు విరిగినా..."

"ఆమెన్!" (అందులో నా గొంతూ ఉంది.)

"ప్రాణం పోయినా..."

నాయనమ్మ దిగ్గున లేచింది. "ఆగుర్రి! ఎవ్వరూ ఆమెన్ అనకుర్రి! నాకున్నదే ఒక్క పిలగాడు!"

'స్కూలుకు బాధ్యత లేదు' అన్న చివరి మాట ఆ గోలలో ఎవరికీ వినపడలేదు.

మర్నాడు నాయనమ్మ ఆ కాగితం పట్టుకుని ఉస్తాద్ మీదికి పోయింది.

"గీ కారుకేమన్నైతే ఎవరిస్తరు?"

"బీమా ఉన్నదమ్మా."

"మరి నా మనుమనికి?"

"లేదు. గందుకే గా కాగితం."

"ఇనుముకున్నది, మనిషికి లేదా? మంచిగనే ఉన్నది నీ ఇస్కూలు!"

ఉస్తాద్ తల గోక్కున్నాడు. చివరికి ఆమె ఒక షరతు మీద వేలిముద్ర వేసింది: నేను నేర్చుకున్నన్నాళ్లూ వెనక సీట్లో తను కూర్చుంటుంది.

ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న వైపు రోడ్డు అప్పట్లో ఖాళీ, ఉద్యమం కుర్రాళ్లు అడ్డం పెట్టిన రాళ్లు తప్ప. నేను గేరు మార్చినప్పుడల్లా వెనక నుంచి "యేసయ్యా!" అని కేక. దానికి అదిరిపడి ఉస్తాద్ "యా అల్లా!" అనేవాడు. ఒకరోజు రాళ్లను తప్పించబోయి కారును పొలంలోకి దింపాను. బురదలో మెల్లగా ఒరిగి ఆగింది. ఉస్తాద్ దిగి కారు చుట్టూ తిరిగాడు. నాయనమ్మ దిగి నా చుట్టూ తిరిగింది. చేతులు తడిమింది, కాళ్లు తడిమింది. ఇక ఈ పని మాన్పిస్తుందనుకున్నాను. కారును రోడ్డు మీదికి తోయగానే మళ్లీ వెనకెక్కి కూర్చుంది.

"నడుపు బిడ్డా. బేకరోళ్లు ఎన్నొద్దులు ఆగుతరు?"

లైసెన్సు వచ్చింది, వ్యానూ వచ్చింది. ఆమె డ్యూటీ మానేసింది. మొదటి రోజు ఒంటరిగా బయల్దేరాను. గేరు మార్చాను. వెనక రొట్టెలు తప్ప ఎవరూ లేరు, ఏ కేకా లేదు. అన్నాళ్లూ వేయని భయం అప్పుడు వేసింది. వ్యాను పక్కకు ఆపి చాలాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. అప్పటి నన్ను, ఆ బక్కపలచని కుర్రాణ్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వెళ్లి వాడి వెనక సీట్లో కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.