ఉక్వువాని జోలపాటలో నా వంతు

నా చిన్నప్పుడు మేం సౌదీలో, ఉనైజా అనే ఖర్జూరాల ఊళ్లో ఉండేవాళ్లం. మా నాన్న అక్కడి ఆసుపత్రిలో ఎక్స్‌రే మిషన్లు బాగుచేసేవాడు. క్వార్టర్స్‌లో మా పక్కింట్లో నైజీరియా నర్సు ఆంటీ ఉండేది. వాళ్లది ఉక్వువాని భాష. నెలల పిల్లాడైన మా తమ్ముణ్ణి గుడ్డతో వీపుకు కట్టుకుని ఆ భాషలో జోలపాట ఎత్తుకుంటే వాడు ఇట్టే నిద్రపోయేవాడు.

అది ఒక్కరు పాడే పాట కాదు. ఒకరు అడగాలి, ఇంకొకరు జవాబివ్వాలి. బిడ్డను ఏడిపించిందెవరు, అమ్మ ఎక్కడికి పోయింది, సంత నుంచి ఏం తెస్తుంది అని ఆంటీ అడిగేది. తెచ్చే వస్తువు ప్రతిసారీ మారాలి, పాడేవాళ్ల నేర్పంతా అక్కడే ఉందట. వాళ్ల ఊళ్లో కాల్చిన పెండలం, ఎండుచేప తెప్పిస్తారు. ఆంటీ ఉనైజా ఖర్జూరాలు కలిపింది, నేను గాజులు కలిపాను. చివర్లో వాళ్ల భాషలో "వచ్చేస్తుంది, వచ్చేస్తుంది" అని పాడటం నా వంతు. ఏడేళ్లదాన్ని, ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఒక మధ్యాహ్నం తమ్ముడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అమ్మ సూక్‌కు, అంటే అక్కడి సంతకు, వెళ్లిందని చెప్పి ఆంటీ పాట మొదలుపెట్టింది. ఆ రోజు నన్ను ఆపనివ్వలేదు. గొంతు బొంగురుపోయేదాకా వచ్చేస్తుందనే పాడాను. వాడు నమ్మి పడుకున్నాడు. సాయంత్రం నాన్న ఒక్కడే వచ్చాడు. అమ్మమ్మ చావుబతుకుల్లో ఉందని కబురొస్తే అమ్మ అప్పటికే విమానం ఎక్కేసిందట. తమ్ముడికి ఇంకా పాస్‌పోర్టు రాలేదు, అందుకని మమ్మల్ని వదిలి వెళ్లింది.

"చెప్తే పోనిస్తుంటివా బిడ్డా?" అన్నాడు నాన్న.

నాన్న మీదకన్నా ఆంటీ మీద నాకు ఒళ్లు మండింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, అంతా ముందే తెలిసి కూడా తమ్ముడికి నా చేతే అబద్ధం చెప్పించింది. వెళ్లి అడిగేశాను. ఆవిడ బుకాయించలేదు.

"మా ఊళ్లో నా కూతురికి మా అమ్మ ఇదే పాట పాడుతుంది. అదీ నీలాగే జవాబు పాడుతుంది. నేను సంతకు వచ్చి మూడేళ్లయింది," అంది ఇంగ్లీషులో, మెల్లగా.

జాలేసింది, కానీ కోపం పోలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా పోలేదు. రెండు నెలలకు అమ్మ తిరిగొస్తే, తమ్ముడు ఆమెను గుర్తుపట్టక నా భుజంలో మొహం దాచుకున్నాడు.

ఇప్పుడు రియాద్‌లో మా అమ్మాయి డ్యూటీకి వెళ్తే, చిన్న మనవణ్ణి ఆ పాటతోనే జోకొడుతుంటాను. పెద్ద మనవరాలు తనూ పాడతానంటే ప్రశ్నలు తనకిచ్చి జవాబు నేనే ఉంచుకుంటాను. పెద్దవాళ్లకు అబద్ధం తప్పని రోజులుంటాయి. అది మన నోటితో మనమే చెప్పాలి, పిల్లల చేత చెప్పించకూడదు.