నిమ్మకాయలు తొక్కుకుంటూ వెళ్లిన సబ్బుల లారీ

చిత్తూరులో నేను కెమికల్ ఇంజనీరుగా పనిచేసే ఫ్యాక్టరీలో తయారైన కొత్త ఒంటిసబ్బు ఈ రోజే మొదటిసారి బజారుకు బయలుదేరింది. పొద్దున ఒక సబ్బు కోసి పరీక్ష మందు చుక్క వేస్తే గులాబీ రంగుకు తిరిగింది. అంటే లోపల కాస్టిక్ సోడా ఇంకా మిగిలే ఉంది, రుద్దుకుంటే చర్మం మండుతుంది. మళ్లీ కరిగించి సరిచేద్దాం, లారీ ఆపండని యజమానికి చెప్పాను.

ఆయన పంచాంగంలోంచి తలెత్తి, "ఇంకొంచేపటికి రాహుకాలం వచ్చేస్తాదప్పా. పూజ పెట్టుకున్నాక బండి ఆపితే అరిష్టం. గులాబీ అంటే లక్ష్మీదేవి రంగు గదా, మంచి శకునమే!" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అదే సరుకులోంచి ఇంకో సబ్బు తీసి, "అయితే పూజకు ముందు దీంతోనే ముఖం కడుక్కోండి" అని చేతికివ్వబోయాను.

ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కనే ఉన్న తన ఇంటివైపు తిరిగి కేకేశాడు. "ఒరే, మనింట్లో వాడే మద్రాసు సబ్బు ఎత్తుకరాండ్రా!"

వాళ్లు తెచ్చిన ఆ సబ్బుతో శుభ్రంగా ముఖం కడుక్కుని, గుమ్మడికాయ కొట్టించాడు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కుకుంటూ లారీ వెళ్లిపోయింది.

మీ వీధి అంగడికి కొత్త సబ్బు వస్తే, కొనేముందు దాన్ని చేసినవాణ్ణి ఒకసారి ముఖం కడుక్కోమనండి. ఏమంటాడో నాకూ చెప్పండి.