పొద్దుటి పోట్లాటలు

మా అమ్మమ్మే లేకపోతే ఈ ఊళ్ళో మగవాళ్ళంతా పొట్టలు బయటపెట్టుకుని తిరిగేవారు. జడ్జీల గౌరవం, బ్యాంకు మేనేజర్ల గాంభీర్యం, పెళ్ళికొడుకుల ధైర్యం, అన్నీ ఆవిడ కుట్టిన కాజాల మీదే నిలబడి ఉన్నాయి. ఆవిడ ఒక్కరోజు సమ్మె చేస్తే ప్రభుత్వం పడిపోతుందని నా గట్టి నమ్మకం. చొక్కా గుండీలు ఊడిపోయాక ఏ మంత్రి మాట ఎవడు వింటాడు? దీని మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే నేరుగా నాతో మాట్లాడుకోవచ్చు. తొమ్మిదో తరగతితో చదువుకి దండం పెట్టేసినదాన్ని కాబట్టి నాకు తీరిక ఎక్కువే.

ఇంత గొప్ప మనిషి పొద్దున లేచి తన జాకెట్టు గుండీ తను పెట్టుకోలేకపోయేది. ఆ సంగతి నలుగురికీ తెలియకుండా దాచడానికి ఆవిడ పడిన అవస్థే ఈ కథ.

పెళ్ళయిన కొత్తలో తాతయ్య ఉద్యోగం ఊడితే అమ్మమ్మ సూది పట్టుకుంది. తాతయ్యకి మళ్ళీ ఉద్యోగం దొరికింది కానీ అమ్మమ్మ సూది వదల్లేదు. మెట్ల పక్కన ఇరుగ్గా ఉండే దర్జీ దుకాణంలో కిటికీ దగ్గరి కుర్చీ ఆవిడది. మాస్టరు బట్ట కత్తిరిస్తాడు, మాస్టరు కోడలు మిషను మీద కుడుతుంది, అమ్మమ్మ కాజాలు కుడుతుంది. చిన్న కత్తెరతో గంటు పెట్టి, దాని అంచు చుట్టూ మైనం పూసిన దారంతో దగ్గర దగ్గరగా ముడులు వేసుకుంటూ పోవాలి. చివర్లో గుండీ దూర్చి చూడాలి. "బతిమాలితే లోపలికి వెళ్ళాలి, తుమ్మితే బయటికి రాకూడదు" అనేది ఆవిడ శాసనం. మిషను కాజాలు చూస్తే ఆవిడకి వాంతి వచ్చినంత పనయ్యేది.

ఆ వేళ్ళు ఒకనాటి పొద్దున మొండికేశాయి. రెండు చేతుల కణుపులూ వాచాయి. మణికట్లు వేడెక్కాయి. ఎవరో నిద్రలో తన చేతులు పట్టుకుపోయి వాటి చోట చెక్క చేతులు అతికించి వెళ్ళినట్టు ఉండేది. కీళ్ళవాతంలే అని కొన్నాళ్ళు నూనె రాసింది. చివరికి మా అమ్మ లాక్కెళ్ళి డాక్టరుకి చూపించింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నాడాయన. వయసు వల్ల వచ్చింది కాదు, సూది వల్ల వచ్చిందీ కాదు, ఒంటిని కాపాడాల్సిన బలగమే పొరపాటు పడి కీళ్ళ మీద యుద్ధం చేస్తోంది అని వివరంగా చెప్పాడు.

"ఇంట్లో యుద్ధం చాలదని ఒంట్లో కూడానా నాయనా!" అంది అమ్మమ్మ.

మాత్రలు మొదలుపెట్టాక వాపు తగ్గింది. జబ్బుతో వచ్చిన అలసట కొంచెమే తగ్గింది. పొద్దుటి బిగుతు మాత్రం వదల్లేదు. ఎండ బాగా ఎక్కేదాకా వేళ్ళు ముడుచుకునేవి కావు. అందుకని వేళ్ళు చెప్పిన మాట వినే సాయంకాలమే, మర్నాడు వేసుకోవాల్సిన జాకెట్టు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, దానితోనే పడుకునేది. "రాత్రిపూట చలేస్తోందే" అనేది. నడివేసవిలో అనేది.

దుకాణంలో అంత తేలిక కాదు. రాగానే ఇస్త్రీ పెట్టె వేడెక్కించి, మడత పెట్టిన గుడ్డ మీద దాన్ని ఆనించి, ఆ వెచ్చటి గుడ్డలో చేతులు దూర్చుకుని కూర్చునేది. మనిషి ఊరికే కూర్చుంటే ఎదుటివాళ్ళు ముందు చూసేది చేతుల వంకే. కాబట్టి వాళ్ళకి చేతులు చూసే తీరిక లేకుండా నోటికి పని చెప్పింది.

"ఏంటి మాస్టరూ ఈ సుద్దగీత? గీతేనా, పాము పాకిన దారా?"

"నిన్న నువ్వే బాగుందన్నావు కదక్కా."

"నిన్న నా బుద్ధి బాగాలేదు."

"అత్తా, నా వంతు ఎప్పుడు?" అనేది మాస్టరు కోడలు మిషను ఆపకుండానే.

"ముందు మీ మామగారిది కానివ్వు. నువ్వెక్కడికి పోతావు?"

గీతలయ్యాక కత్తెర, కత్తెరయ్యాక మాస్టరు క్రాపు, అదయ్యాక వీధి, మునిసిపాలిటీ. తిట్లు సరిగ్గా ఎక్కడ అయిపోతాయో అక్కడ వేళ్ళు కదిలేవి. "సర్లే, మీతో వాదిస్తూ కూర్చుంటే పనులవుతాయా?" అని సూది అందుకునేది. ఇదేం మనిషిరా దేవుడా అనుకునేవారు మామా కోడళ్ళు.

ఎందుకంత దాపరికం? మాస్టరు రాక్షసుడేం కాదు. కానీ ఆ కుర్చీకి ఒక పాత కథ ఉంది. అమ్మమ్మకంటే ముందు అందులో కళ్ళద్దాల వదిన అని ఒకావిడ కూర్చునేది. ఆవిడ చూపు మందగించి కాజాలు వంకర పోతున్న రోజుల్లో అమ్మమ్మ కొత్తగా చేరింది. నోరు మాత్రం పాతదే. అందరూ నవ్వుతారని, "దారం ఎక్కించుకోలేని చేతికి కుర్చీ ఎందుకు మాస్టరూ?" అంది. ఎవరూ నవ్వలేదు. మాస్టరు మాత్రం ఆ మాట పట్టుకున్నాడు. మర్నాటికి కుర్చీ అమ్మమ్మదైంది. కళ్ళద్దాల వదిన కుర్చీలో వేసుకునే తన దిండు కూడా తీసుకెళ్ళలేదు. వాచిన వేళ్ళు చూసుకున్నప్పుడల్లా అమ్మమ్మకి తన గొంతే వినబడేది. ఆ మాట ఇంకొకరు తన మొహం మీద అనే రోజు రాకూడదనే ఈ తిట్లన్నీ.

ఇలా సాగుతుండగా ఒకరోజు మధ్యాహ్నం బడి హెడ్మాస్టరు గాలిదుమారంలా దుకాణంలోకి వచ్చాడు. చేతిలో కొత్త చొక్కా, మెడ దాకా చుట్టుకున్న శాలువా.

"ఏం చొక్కా ఇది మాస్టరూ? బడి వార్షికోత్సవంలో పిల్లలు గోల చేస్తుంటే నిశ్శబ్దం అని రెండు చేతులూ పైకెత్తాను. అంతే! పైనుంచి కిందికి ఒకదాని వెనక ఒకటి, బెల్లు కొట్టాక క్లాసు వదిలినట్టు, గుండీలన్నీ బయటికి వచ్చేశాయి!"

"అయ్యయ్యో, పిల్లలు నవ్వారాండీ?" అంది మాస్టరు కోడలు, నవ్వు ఆపుకోలేక.

"చప్పట్లు కొట్టారమ్మా. కార్యక్రమంలో భాగం అనుకున్నారు."

మాస్టరు చొక్కా తిరగేసి చూశాడు. "కాజాలు మా అక్కవి. వాటికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. గుండీలే తేడా వచ్చి ఉంటాయి. ఏమంటావక్కా?"

"ఈమధ్య గుండీలు సన్నగా వస్తున్నట్టున్నాయి" అంది అమ్మమ్మ. ఆ క్షణాన ఆవిడ నిజంగా అలాగే అనుకుంది.

కానీ మనసు కుదురుగా లేక ఆ చొక్కా ఇంటికి తెచ్చింది. వంటగది బల్ల మీద పరిచి, నన్ను పిలిచి, "ఈ గుండీ పెట్టు" అంది. పెట్టాను. పెట్టడం ఏంటి, గుండీ జారుడుబల్ల మీది పిల్లాడిలా వెళ్ళిపోయింది.

"అమ్మమ్మా, ఇది కాజానా, గుమ్మమా? రెండు గుండీలు చేతులు పట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళొచ్చు."

మామూలుగా అయితే నా చెవి ఎర్రబడేది. ఆవేళ మాత్రం అమ్మమ్మ గుండీ తను తీసుకుని నెట్టి చూసింది. ఆవిడ వేళ్ళ మధ్య అదే గుండీ అదే గుమ్మం దగ్గర తటపటాయించింది. అప్పుడు తెలిసింది ఆవిడకి. గుండీని తోసే సత్తువ వేళ్ళలో లేదు. దూరకపోతే కాజా బిగుతుగా ఉందనుకుని గంటు ఒక పోగంత పెంచింది. వేళ్ళు ఇంకాస్త నీరసించాయి, గంటు ఇంకో పోగు పెరిగింది. ఊళ్ళో ఎన్ని చొక్కాలు తన చేతులకి సరిపోయేలా తిరుగుతున్నాయో తలుచుకుంటే ఆవిడకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"ఎవరికీ చెప్పకు."

"ఏం చెప్పకూడదు?"

"నోరు మూసుకో."

మర్నాడు పొద్దున్నే నిజం చెప్పేద్దామనే బయల్దేరింది. కానీ ఆవిడకంటే ముందే గుండీల అన్నయ్యని మాస్టరు పిలిపించాడు. రేకు పెట్టె చంకన పెట్టుకుని దుకాణం దుకాణం తిరిగి గుండీలు అమ్మే ముసలాయన ఆయన. మాట మెత్తన, నడక మెత్తన. అమ్మమ్మ వెళ్ళేసరికి ఆయన తలొంచుకుని నిలబడి ఉన్నాడు, మాస్టరు కేకలేస్తున్నాడు.

"ఇంత నమ్మితే ఇదా నువ్వు చేసేది? హెడ్మాస్టరు పరువు పోయింది, నా దుకాణం పరువు పోయింది!"

అమ్మమ్మ అలవాటుగా వెచ్చటి గుడ్డలో చేతులు దాచుకుంది. గుండీల అన్నయ్య, అమ్మమ్మ తెచ్చి బల్ల మీద పెట్టిన చొక్కా అందుకుని ఒక గుండీ దూర్చాడు. తీశాడు. మళ్ళీ దూర్చాడు. తలెత్తి అమ్మమ్మ వంక చూశాడు. గుడ్డలోకి దూరిన చేతుల వంక చూశాడు. అమ్మమ్మ గోడ మీద పాత క్యాలెండరు వంక చూసింది. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటూ క్యాలెండరు మీది బొమ్మనే చూస్తూ ఉండిపోయింది.

"పొరపాటు నాదే మాస్టరూ" అన్నాడాయన నెమ్మదిగా. "సరుకు మారింది. చూసుకోలేదు."

"ఇకనుంచి నీ సరుకు మాకొద్దు."

ఆయన పెట్టె మూత వేసుకున్నాడు. గుమ్మం దాటబోతూ ఆగి, "వస్తా చెల్లెమ్మా, ఆరోగ్యం చూసుకో" అన్నాడు.

చెంప మీద కొట్టినా ఆవిడకి అంత సిగ్గేసేది కాదు.

ఆ మర్నాటినుంచి అమ్మమ్మ తిట్టడం మానేసింది. వచ్చేది, గుడ్డలో చేతులు పెట్టుకునేది, నోరు తెరిచేది కాదు. దుకాణం మీద పిడుగు పడ్డట్టయింది. మామా కోడళ్ళు గుసగుసలాడుకున్నారు. మాస్టరు కావాలనే ఒక గీత వంకర టింకరగా గీసి తెచ్చి చూపించాడు.

"ఎలా ఉందక్కా?"

"బాగానే ఉంది."

మాస్టరు మొహం పాలిపోయింది. "అమ్మాయ్, డాక్టర్ని పిలవనా?" అన్నాడు కోడలితో.

హెడ్మాస్టరు చొక్కా తీసుకోవడానికి వచ్చింది పొద్దుటి పూటే. మాస్టరు ఇంకెక్కడినుంచో పెద్ద గుండీలు తెచ్చి కుట్టించాడు.

"గుండీలు కుట్టమంటే సాసర్లు కుట్టారేంటండీ?" అన్నాడు హెడ్మాస్టరు అద్దంలో చూసుకుని.

"గుండీలు అమ్మేవాడు మోసం చేశాడు సార్. వాణ్ణి గుమ్మం తొక్కనివ్వకుండా చేశాను. వీధిలో మిగతా దుకాణాలకీ చెప్పాను."

వీధిలో మిగతా దుకాణాలకి కూడా అనేసరికి అమ్మమ్మ లేచింది. వంకెకి తగిలించి ఉన్న మాస్టరు పాత చొక్కా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది ఎప్పుడో నేను కాజాలు కుట్టిన చొక్కా. గుండీలు ఆ అన్నయ్యవే. చూడండి."

వేళ్ళు ఇంకా లేవలేదు. గుండీ పట్టుకుంది, జారింది. మళ్ళీ పట్టుకుంది. బొటనవేలితో నెట్టింది. దూరలేదు. మిషను ఆగిపోయింది. దాచుకున్నదంతా ముగ్గురి కళ్ళ ముందు బల్ల మీద పరిచి ఉంది. ఆవిడ చెవులు మండిపోయాయి, అయినా చెయ్యి తీయలేదు.

"నేను పెడతానుండండమ్మా" అని హెడ్మాస్టరు ఒంటిచేత్తో ఇట్టే పెట్టేశాడు.

"చూశారా, మీ చేతికి దూరింది. నా చేతికి దూరదు. మీ చొక్కా కాజాలు నా చేతికి దూరేలా కత్తిరించాను. చేతులకి జబ్బు. ఆ అన్నయ్య తప్పేం లేదు. తెలిసి కూడా నోరు మూసుకుని కూర్చున్నాను." తర్వాత మాస్టరు వైపు తిరిగింది. "దారం ఎక్కించుకోలేని చేతికి కుర్చీ ఎందుకని ఒకప్పుడు నేనే అన్నాను. నీతో అనిపించుకోను. నేనే వెళ్తాను."

మాస్టరు చేతిలో సుద్ద బల్ల మీద పడేశాడు.

"అంటే, ఇన్నాళ్ళూ నన్ను తిట్టింది చేతులు కదలకనా?"

"అవును."

"నా గీతలు బాగుండకపోవడం వల్ల కాదా?"

"అవీ బాగుండవు."

"నీ తిట్లకి భయపడి ఇంట్లో దుప్పట్ల మీద గీతలు సాధన చేశానక్కా!"

"ఓహో, దుప్పట్ల మీద సుద్ద అందుకా మామయ్యా!" అంది కోడలు. హెడ్మాస్టరు గోడ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు.

మాస్టరు ఆవిణ్ణి పంపలేదు. "కూర్చో అక్కా. ఒకసారి నీ మాట విని ఒకావిణ్ణి పంపేశాను. ఈసారి నీ మాట వినను" అన్నాడు. ఇప్పుడు అమ్మమ్మ వేళ్ళు లేచాకే దుకాణానికి వెళ్తుంది. గుండీ దూర్చి చూసే పని మాస్టరు కోడలిది. మందపాటి కోట్లు మిషనుకి పోతాయి, అమ్మమ్మ అటు చూడదు. వదులైన చొక్కాలు వెనక్కి వస్తే కాజా చివర నాలుగు ముడులు వేసి బిగిస్తుంది. కొన్ని రోజులు సూది అసలు పట్టుకోలేకపోతుంది. ఆ రోజుల్లో ఇంట్లోనే ఉంటుంది, పొద్దుటి తిట్లు మాకు పడతాయి. మాస్టరు స్వయంగా వెళ్ళి గుండీల అన్నయ్యని పిలుచుకొచ్చాడు, వీధంతా తిరిగి తన మాట వెనక్కి తీసుకున్నాడు. అంతా బాగానే ఉంది. అమ్మమ్మ మాత్రం ఆ కుర్చీలో నిండుగా కూర్చోదు. అంచున కూర్చుంటుంది, ఎవరో రాబోతున్నట్టు.

జాకెట్టు గుండీలు పొద్దున్నే నేను పెడుతున్నాను. ఇదంతా రాసి, ఒకరోజు ఆ పని అయ్యాక ఆవిడకి చదివి వినిపించాను. గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో చేతులు పెట్టుకుని చివరిదాకా వింది.

"ఎలా ఉందమ్మమ్మా?"

"గుండీల అన్నయ్య దగ్గరికి నేను వెళ్ళింది రాయలేదే?"

"నువ్వు వెళ్ళావా? నాకు చెప్పలేదే! వెళ్ళి ఏమన్నావు?"

"డజను గుండీలిమ్మన్నాను. ఇచ్చాడు. తెచ్చుకున్నాను. క్షమించమనడానికి నోరు రాలేదు. అందరినీ తిట్టడానికి వచ్చిన నోరు, దానికి మాత్రం రాలేదు. జడ్జీలూ మంత్రులూ అని మొదట్లో కోతలు కోశావు చూడు, అవి కొట్టేసి ఇది రాయి."